దిసారి చెప్పిన సెలవు

కార్మిక శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఈమధ్య నాకు ఫోన్ చేసింది. పాత చట్టాలు చాలా పోయి నాలుగు కోడ్‌లు వచ్చాయి కదా, వాటిని ఎక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాలి అని అడిగింది. మొదటి పేజీ నుంచి, అని చెప్పి పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే అది సరైన జవాబు కాదనిపించింది. ఆమెకీ, ఆమెలా ఇప్పుడే ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లకీ కాస్త వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను అరకు వైపు ఏజెన్సీలో సహాయ కార్మిక అధికారిగా చాలాకాలం పనిచేశాను. బదిలీలు, ప్రమోషన్లు, మెమోల సంగతి రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి. ఈ ఉద్యోగంలో నిజంగా ఉండేది ఒక్కటే పని. ఎక్కడో దూరంగా కూర్చుని రాసిన ఒక వాక్యం, అరకులో దుప్పట్లు ఉతికే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో చూడటం. నాకు ఇప్పటికీ ఆసక్తి పోనిది దానిమీదే.

అమల్లోకి వచ్చిందా?

మా పై అధికారి మూర్తిగారు. చాలా కచ్చితమైన మనిషి. నవ్వడం తక్కువ, చదవడం ఎక్కువ. నేను చేరిన కొత్తలో, చట్టం మారింది సార్ అని ఒక పేపర్ కటింగ్ పట్టుకెళ్లి చూపించాను. ఆయన దాన్ని తిరగేసి మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

"పేపర్లో రావడం ఒకటి, సభలో పాసవడం ఒకటి, అమల్లోకి రావడం ఒకటి, రూల్స్ రావడం ఇంకొకటి. ఇందులో నీ దగ్గరున్నది ఏదయ్యా?"

"పేపర్ సార్."

"అయితే అందులో పప్పులు పొట్లం కట్టుకో."

ఆ మాట నాకు ఉద్యోగం పొడుగునా పనికొచ్చింది. జి.మాడుగుల వైపు ఒక కాఫీ గింజల యూనిట్ యజమాని, పని గంటల నిబంధన మారిపోయిందని నాతో వాదించాడు. ఎక్కడ మారింది అని అడిగితే ఫోన్ తీసి ఎవరో పంపిన మెసేజ్ చూపించాడు. ఆ సంగతి చెప్తే మూర్తిగారు, "వాట్సాప్‌లో అమలయిందన్నమాట" అన్నారు. ఆయన నవ్వగా చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఇప్పటి నాలుగు కోడ్‌లూ అంతే. పాసయ్యాక ఏళ్ల తరబడి అమలు కాకుండా ఉన్నాయి. ఆ మధ్యకాలంలో వాటిని చూపించి హక్కులు అడిగినవాళ్లూ ఉన్నారు, హక్కులు ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తొందరపడ్డవాళ్లే. కాబట్టి చదివేముందు తేదీ చూడండి. మీ రాష్ట్రం రూల్స్ వచ్చాయో లేదో చూడండి. రాష్ట్రం చట్టాల్లో ఏవి పోయాయో, ఏవి అలాగే ఉన్నాయో విడిగా చూసుకోండి.

ఇది మూర్తిగారి దగ్గర నేర్చుకున్నది. మిగతా సగం నేర్పింది నా భార్య శారద.

ఆమె ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచరు. పొద్దున్నే నేను కాఫీ తాగుతూ కొత్త సవరణలు పైకి చదివేవాణ్ణి. ఆమె పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ వినేది. వింటోందో లేదో తెలిసేది కాదు. నేను ఒక సెక్షన్ పూర్తిచేయగానే తలెత్తకుండా ఒకే ప్రశ్న అడిగేది. "ఇది ఎవరికి?" కార్మికులకి అంటే ఒప్పుకునేది కాదు. "కార్మికులు అని ఎవరూ ఉండరండీ. ఎవరికో చెప్పండి." అప్పుడు నాకు తెలిసిన ఒక మనిషిని తలుచుకోవాల్సి వచ్చేది. తలుచుకుంటే ఆ సెక్షన్‌లో ఉన్న చిక్కు కనబడేది. ఎవరూ గుర్తుకు రాకపోతే ఆ సెక్షన్ నాకింకా అర్థం కాలేదని తేలేది.

శారద పోయిన వానాకాలంలో పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

బుద్రి

ఒక ఎండాకాలం మొదట్లో బుద్రి అనే ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. అరకులో ఒక రిసార్టులో గదులు శుభ్రం చేసే పని. ఊరు డుంబ్రిగూడ దాటాక లోపలికి. భర్త చనిపోయాడు, ఒక కూతురు. రిసార్టు జీతం, కొండ మీద కాస్త భూమి, రెండూ కలిస్తేనే ఇల్లు నడుస్తుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పన్లోంచి తీసీసినారు బాబూ. పండగకెల్లానంట."

చైత్రంలో వచ్చే ఇటుకల పండగ సంగతి ఏజెన్సీలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. మగవాళ్లు వేటకెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని, పాట పాడి, వచ్చేపోయే బళ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఇచ్చేదాకా కర్ర లేవదు. బయటివాళ్లకి కనబడేది ఇంతే. అసలు పండగ విత్తనాలది.

"సెలవు అడిగావా?"

"అడిగాను. ఏ తేదీ అన్నారు. దిసారి ఇంకా సెప్పలేదన్నాను. తేదీ తెలిసాక రమ్మన్నారు. తెలిసాక ఎల్తే, ఇంత ఆలీసంగా సెప్తే ఎలాగ, సీజను, ఎల్లకన్నారు."

దిసారి అంటే మంచిరోజు చూసి చెప్పే ఊరి పెద్ద. ఆయన చెప్పిన రోజే పండగ.

"అయినా వెళ్లావు."

"ఎల్లకపోతే మా ఇంటి ఇత్తనం ఎవులు పట్టుకెల్తారు బాబూ? మా ఆయన లేడు. ఆడగుంట సిన్నది."

వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ పెద్ద ఒకరు విత్తనం తీసుకెళ్లి దేవత దగ్గర పెట్టాలి. పూజయ్యాక అందులోంచి ఇచ్చింది తెచ్చుకుని, ఇంట్లో మిగతా విత్తనంలో కలిపి చల్లాలి. అలా చేయని ఇల్లు ఆ ఏడు కొండ మీద చల్లకూడదు. చల్లితే, వానలు తప్పినా పురుగు పట్టినా ఊరంతా ఆ ఇంటివైపే చూస్తుంది. బుద్రి ముందు ఉన్నవి రెండు. పండక్కి వెళ్తే ఉద్యోగం పోతుంది, వెళ్లకపోతే పొలం బీడు పడుతుంది.

ఆమెతోపాటు వెళ్లిన మిగతా ఆడవాళ్లు, తప్పయిందని కాగితం రాసిచ్చి మళ్లీ పనిలో చేరారు. బుద్రి రాయలేదు.

"ఒక్క సంతకమే కదా. పెట్టి ఉంటే ఈపాటికి పనిలో ఉండేదానివి" అన్నాను. ఆమె ఏమంటుందో వినాలనే అన్నాను.

"తప్పు సేసినోలు పెడతారు. మేనేజరు బాబు కారు కూడా ఆపినాం కదా కర్ర కాడ. పాట పాడినాం. 'ఓసి బుద్రీ, నువ్వా' అని నవ్వి డబ్బులిచ్చినారు. తప్పయితే ఆయనెందుకిచ్చినట్టు?"

తేదీ లేని పండగ

మర్నాడు రిసార్టుకి వెళ్లాను. మేనేజరు పేరు రవి. గోదావరి జిల్లా కుర్రవాడు, మర్యాదస్తుడు. అల్లం టీ తెప్పించాడు.

"నేనేం రాక్షసుణ్ణి కాదండీ. ఏటా ఇదే గొడవ. గదులన్నీ నిండిపోయి ఉంటాయి, దుప్పటి మార్చే మనిషి ఉండదు. బుద్రి మంచి పనిమంతురాలే. కానీ ఓనరుగారు ఒప్పుకోవాలి కదండీ."

"పండగ సెలవుల పట్టిక చూపించండి."

పట్టిక ఉంది. ఏడాది మొదట్లో మా ఆఫీసుకి పంపినదే. విశాఖలో ఉన్న హెడ్డాఫీసు పట్టికని యథాతథంగా దించారు. వినాయక చవితి ఉంది, దసరా ఉంది. వంటింట్లోనూ గదుల్లోనూ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చేసుకునే పండగ మాత్రం లేదు. నిబంధన ఎక్కడా తప్పలేదు. ఇన్ని పండగలకి సెలవివ్వాలని చట్టం చెప్తుంది. ఎవరి పండగలు అన్నది యజమాని, పనివాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతి. మాట్లాడుకోలేదు. ఆ పట్టిక మీద మా ఆఫీసు ముద్ర కూడా ఉంది.

"పెట్టమంటే పెడతానండీ" అన్నాడు రవి. "కానీ తేదీ లేని పండగని పట్టికలో ఎలా పెట్టమంటారు? మీరే చెప్పండి."

ఇలాంటి చోట కొత్తవాళ్లు, ఎదుటివాడు సాకు చెప్తున్నాడనుకుంటారు. నాకు మాత్రం అది మంచి ప్రశ్నగా తోచింది. చట్టానికి తేదీ కావాలి, ఊరికి అక్కర్లేదు.

అతను ఇంకో వాదన కూడా తెచ్చాడు. "అసలు వాళ్లు మా స్టాఫ్ కాదండీ. కాంట్రాక్టరు మనుషులు."

"కాంట్రాక్టరుని పిలవండి."

"ఆయన ఈమధ్య రావట్లేదండీ."

"ఎప్పటినుంచి?"

"నేను చేరినప్పటినుంచి" అని, తనే నవ్వేశాడు. ఆ వాదన అక్కడితో ఆగిపోయింది.

తర్వాతి వారం బుద్రి ఊరు వెళ్లాను. వెళ్లాలని ఏ రూలూ లేదు. తేదీ ఎందుకు ముందే చెప్పలేరో తెలుసుకోవాలనిపించింది. దిసారి ముసలాయన. వాకిట్లో చింతపండు గింజ తీస్తున్నాడు. కూర్చోమని చాప జరిపాడు.

నెలవంక చూస్తాం, పొద్దు చూస్తాం, అన్నాడు. అంతకన్నా ముందు ఊరు చూస్తాం అన్నాడు. ఊళ్లో ఎవరైనా పోయి ఉంటే, ఆ ఇంటి కర్మలు అయ్యేదాకా పండగ లేదు. ఈసారి ఒక ముసలావిడ పోయింది. అందుకే ఆలస్యమయింది.

"ఆల్లింట్లో ఏడుత్తా ఉంటే మనం పాట పాడతామేటి బాబూ" అన్నాడు.

అప్పుడు నేను దాన్ని సెలవుకి సంబంధించిన సమాచారంగానే విన్నాను.

లేచి వచ్చేస్తుంటే ఆయనే అన్నాడు. "తేదీ తేదీ అని నువ్వూ అడిగినావు, ఆ హోటలు బాబూ అడిగినాడు. రోజూ ఫోనే. పెల్లి ముగూర్తం అడిగినోడు కూడా అంత తొందరపడ్డు."

"ఏ హోటలు బాబు?"

"రవిబాబు. మన బుద్రి పనిసేసే సోటు. టూరిస్టుల్ని తెత్తాడు కదా, పండగ సూపడానికి. నాను తేదీ సెప్పగానే బస్సు మాటాడీసినాడు."

డాన్సు ఎవరాడతారు

ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచాను. మన పనిలో చాలాభాగం ఇదే. ఇద్దర్ని ఒక బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టి, ఎవరి మాట వాళ్లకి వినబడేలా చేయడం. ఈసారి బుద్రి కుర్చీలో కూర్చుంది.

"ఈ ఏడు పండగ ఎప్పుడో మీకెప్పుడు తెలిసింది?" అని రవిని అడిగాను.

అతను నన్ను చూశాడు, బుద్రిని చూశాడు. "తెలుసండీ. దిసారి చెప్పిన రోజే తెలుసు. ప్యాకేజీ పెట్టుకున్నాం."

"మరి ఆలస్యంగా చెప్పిందని ఈమెని తీశారు."

"ప్యాకేజీ ఉంది కాబట్టే కదండీ గదులు నిండింది. గదులు నిండితే మనుషులు కావాలి."

బుద్రి అందుకుంది. "మేమందరం గదులు ఊడుత్తా ఉంటే పండగకాడ డాన్సు ఎవులాడతారు బాబూ? మీరాడతారేటి?"

రవి ఆపుకోలేక నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. బుద్రి నవ్వలేదు. ఆమె నిజంగానే అడిగింది.

ఆ తర్వాత మాటలు తేలికయ్యాయి. ఆ రోజుల్లో గదులు ఎవరు చూస్తారన్న చిక్కుకి దారి కూడా బుద్రే చెప్పింది. పనివాళ్లలో క్రైస్తవులున్నారు. వాళ్లకి ఈ పండగ లేదు. "ఆల్లు మా పండక్కి పన్లో ఉంటారు, క్రిస్మసుకి మేం ఉంటాం. మేం మాటాడుకున్నాం." ఏటా వచ్చే గొడవకి మందు పనివాళ్ల వంటింట్లోనే తయారై ఉంది. ఎవరూ వాళ్లని అడగలేదు.

రవి బయటికెళ్లి ఓనరుకి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి చెప్పింది ఇది. పండగ పట్టికలోకి ఎక్కితే అది గైర్హాజరు కాదు, బుద్రి రేపే రావచ్చు. ఎక్కకుండా చేర్చుకుంటే, పట్టికలో లేని సెలవులు వచ్చే ఏడు అందరూ అడుగుతారు, కాబట్టి ఓనరు ఒప్పుకోడు. పట్టిక మార్చడానికి మా ఆఫీసు ఆమోదం కావాలి. అంటే బుద్రి ఉద్యోగం ఇప్పుడు మూర్తిగారి బల్ల మీదికి వచ్చింది.

మూర్తిగారు నేను రాసిపెట్టిన కొత్త పట్టిక చదివి కళ్లజోడు తీశారు.

"తేదీ దగ్గర 'దిసారి చెప్పిన రోజు' ఏమిటయ్యా? ఇది తేదీయా?"

"కాదు సార్."

"మరి? రేపు ఇంకొకడు వచ్చి, మా తాతకి కలలో కనబడ్డ రోజు అంటాడు. అదీ రాస్తావా?"

ఆయన చెప్పింది తీసిపారేయలేను. పట్టికలో తేదీ ఉండాలన్నది పనివాళ్ల మేలుకే. తేదీ లేని సెలవుని యజమాని తనకి వీలైనప్పుడు ఇస్తాడు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర శారదకి ఇదంతా చెప్పాను. ఆమె ఎర్రసిరాతో ఎవరి వ్యాసమో దిద్దుతోంది. అంతా విని, పేజీ తిప్పుతూ అడిగింది.

"రంజాన్‌కి ఏం రాస్తారు?"

గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్లి చూశాను. ఏటా చూస్తున్నదే. తేదీ ఉంది, పక్కన చుక్క ఉంది, కింద చిన్న అక్షరాల్లో చంద్రదర్శనాన్ని బట్టి మారవచ్చని ఉంది. దేశమంతా ప్రతి ఆఫీసూ ఆ సెలవుని అలాగే ఇస్తోంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

"ఇంతసేపూ చెప్పవేం?" అన్నాను.

"మీరు ఇంతసేపూ మూర్తిగారి గురించే చెప్తున్నారు. బుద్రి గురించి ఇప్పుడేగా చెప్పారు" అంది.

క్యాలెండరు తీసుకుని మూర్తిగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ చిన్న అక్షరాలు రెండుసార్లు చదివారు. తర్వాత పెన్ను తీసి తనే రాశారు. గ్రామ దిసారి నిర్ణయించిన రోజు, నిర్ణయమైన వెంటనే పనివారు యాజమాన్యానికి తెలపాలి. రాసి, "చంద్రుడైతే ఒప్పుకుంటాం, దిసారి అయితే ఒప్పుకోం అంటే బాగోదు" అన్నారు. కచ్చితమైన అధికారులంటే నాకు గౌరవం ఉండటానికి కారణం ఇదే. కారణం చూపిస్తే వాళ్లు కదులుతారు. కదలనివాళ్లు కచ్చితమైనవాళ్లు కారు, భయపడేవాళ్లు.

బుద్రి పనిలో చేరింది. సంతకం పెట్టలేదు, ఎవరూ అడగలేదు. పొలంలో ఆ ఏడు సామలు చల్లిందని తర్వాత చెప్పింది.

ఇది ఎవరికి

ఆ తర్వాత చాలా మారాయి. ప్రసూతి సెలవు పెరిగింది. ఆడవాళ్ల రాత్రి డ్యూటీ నిబంధనలు మారాయి. ఇప్పుడు ఈ కోడ్‌లు. వీటిలో మంచివి ఉన్నాయి, నాకు అనుమానం ఉన్నవీ ఉన్నాయి. పనిలో చేరే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలన్నది మంచిది. కనబడని కాంట్రాక్టరు వెనక దాక్కోవడం దానితో కొంత తగ్గుతుంది. తనిఖీకి వెళ్లేవాణ్ణి సలహాదారుగా మార్చిన సంగతి మీద నేనింకా ఒక అభిప్రాయానికి రాలేదు. కొన్నేళ్లు చూశాక మీరు చెప్పాలి.

నేను రిటైరయ్యాక కూడా బుద్రి ఏటా ఫోన్ చేస్తుంది. దిసారి చెప్పగానే ముందు రిసార్టుకి, తర్వాత నాకు. ఈ ఏడు కూడా చేసింది.

"బాబూ, దిసారి సెప్పీసాడు. వచ్చే బేస్తారం."

"మంచిది."

"ఇంకోటుంది. కొత్తగా ఏదో కాయితం ఇచ్చినారు పన్లో. ఉజ్జోగం కాయితమంట. సంతకం పెట్టమంతన్నారు. అందులో సెలవులు కంపెనీ రూలు పెకారం అని ఉందంట. మా గుంట సదివింది. మన పండగ ఉన్నట్టా, పోయినట్టా?"

కొత్త మేనేజరు, కొత్త కాగితం, కొత్త చట్టం. మూర్తిగారు చేత్తో రాసిన ఆ వాక్యానికి ఇప్పుడు విలువ ఉందో లేదో నాకు వెంటనే తెలియలేదు.

"తెలీదు. చూసి చెప్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకు."

"నానెప్పుడు పెట్టినాను బాబూ" అని నవ్వింది. తర్వాత కాస్త ఆగి అంది. "అప్పుడు ముసల్ది పోతే మా ఊళ్లో పండగ ఆగినట్టే, అమ్మగారు పోయినకాణ్ణుంచి నీ ఇంట్లోనూ ఆగింది కదా. ఆగినకాడికి సాలు. పండక్కి రా. కర్ర కాడ నిన్నూ ఆపుతాం."

చూస్తానన్నాను.

ఫోన్ పెట్టేసి ఆ సంగతి చెప్పడానికి వంటింటి వైపు నాలుగడుగులు వేశాను. తర్వాత వెనక్కి వచ్చి కోడ్‌ల పుస్తకం తీశాను. సెలవులు, పాత రాష్ట్ర చట్టాలు ఏవి నిలుస్తాయన్న భాగం వెతికి పైకి చదవడం మొదలుపెట్టాను. అలవాటు. ఒక సెక్షన్ పూర్తయి ఆగాను. అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే అడిగాను, ఇది ఎవరికి అని.

బుద్రికి.

ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. మొదటి పేజీ నుంచి కాదు. నీకు తెలిసిన ఒక మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టు. నాకింకా జవాబు దొరకలేదు. బేస్తవారం లోపు దొరకాలి. వట్టి చేతులతో ఆ కర్ర దగ్గరికి వెళ్లలేను.